అమ్మకి మళ్లీ పూర్తి మత్తు ఇస్తారట, ముందు ఏం అడగాలి?

అందరికీ నమస్కారం. మాది పర్లాకిమిడి. అమ్మకి 72 ఏళ్లు. పోయినేడాది తుంటి విరిగితే పూర్తి మత్తు ఇచ్చి ఆపరేషన్ చేశారు. ఎముక బానే అతికింది గానీ మూడు రోజులు మనిషి మనిషిలా లేదు. పగలంతా నిద్ర, రాత్రంతా కలవరింతలు. ఇంట్లో తెలుగు తప్ప మాట్లాడనిది, నన్ను చూసి ఎవరో అనుకుని ఒడియాలో మంచినీళ్లడిగింది! తర్వాత తనంతట తనే సర్దుకుంది.

ఇప్పుడు పిత్తాశయంలో రాళ్లు. లాప్రోస్కోపీకి (పొట్టకి చిన్న రంధ్రాలు పెట్టి చేసే ఆపరేషన్) మళ్లీ పూర్తి మత్తేనట. చదివితే తెలిసిందేంటంటే, ఒంటి బరువులో 2 శాతమే ఉండే మెదడు 20 శాతం ఆక్సిజన్ వాడేస్తుంది. ప్రొపోఫాల్ అనే మత్తుమందు ఇస్తే ఆ వాడకం బాగా పడిపోతుంది, అదే మరో మత్తుమందు కెటమిన్‌తో పెరగొచ్చు కూడా. వాడకం తగ్గితే మెదడుకి విశ్రాంతే కదా, మరి ఆ తికమక ఎందుకొచ్చినట్టు? మందు వల్లా, నొప్పి వల్లా, నిద్ర చెడడం వల్లా?

మత్తు డాక్టర్లెవరైనా ఉంటే చెప్పండి. ఈఈజీ (మెదడు విద్యుత్ తరంగాల్ని చూపేది) చూస్తూ మత్తు ఇమ్మని అడగొచ్చా? మెలకువ రాగానే కళ్లజోడు, చెవి మిషను పెట్టేస్తే మేలా? అమ్మ రోజూ నిద్రమాత్ర వేసుకుంటుంది, పోయినసారి ఆ సంగతి మేం చెప్పనేలేదు. ఆపరేషన్ బరంపురంలోనా, శ్రీకాకుళంలోనా అన్నది మేం చూసుకుంటాం.