పాత కారు ఎక్కుడులో కొట్టుకుంటోంది, ఇంజన్ విప్పాల్సిందేనా?

దేవరకొండ_పాతబండి:
మాది 1999 మోడల్ పెట్రోలు కారు. మూడు సిలిండర్లు, కార్బొరేటర్. నాన్న కొన్న బండి, అమ్మబుద్ధి కావట్లేదు. మొన్న డిండి మీదుగా శ్రీశైలం వెళ్తుంటే మన్ననూర్ ఎక్కుడులో చప్పుడు మొదలైంది. టాప్ గేరులో యాక్సిలరేటర్ తొక్కితే రేకు డబ్బాలో గులకరాళ్లు పోసి ఊపినట్టు ఉంది. కాలు తీస్తే పోతుంది. ఇక్కడ చూపిస్తే బోరుకొచ్చింది (సిలిండర్లు అరిగాయి), ఇంజన్ విప్పాలి, ముప్పై వేలవుతుంది అన్నారు. చాలా టెన్షన్‌గా ఉంది. ఎవరికైనా ఇలా అయ్యిందా?

మిర్యాలగూడ_జీపు:
తమ్మీ, ముందు బండి పక్కన పెట్టు. నా జీపులో చప్పుడొస్తే వరికోతల టైమ్ కదా అని పదిహేను రోజులు అలాగే తిప్పాను. హాలియా దాటాక కనెక్టింగ్ రాడ్ విరిగి బ్లాకుకి బొక్క పడింది. రోడ్డంతా ఆయిల్. ఆ ఇంజన్ పాత ఇనుముకి పోయింది.

పాలమూరు_స్పానర్:
అన్నా, మీ జీపుది వేరే రోగం. బేరింగు పోతే సుత్తితో కొట్టినట్టు బరువుగా వినిపిస్తుంది, బండి నిలబెట్టి రేస్ చేసినా వస్తుంది, ఆయిల్ లైట్ కూడా మిణుకుమంటుంది. ఒక్కో సిలిండర్‌కి స్పార్క్ ఆపి చూస్తే, ఏ సిలిండర్ దగ్గర చప్పుడు తగ్గుతుందో బేరింగు అక్కడే పోయినట్టు. ఇది మెకానిక్‌తోనే చేయించండి, షాక్ గట్టిగా కొడుతుంది.

తమ్ముడూ, నువ్వు చెప్పింది లోడు మీద వచ్చే నాకింగ్. ప్లగ్గు నుంచి మంట పాకి వచ్చేలోపే మిగతా పెట్రోలు గాలి వేడికి, ఒత్తిడికి దానంతటదే భగ్గుమంటే ఆ చప్పుడొస్తుంది. ఇంజన్ విప్పే ముందు మూడు సంగతులు చెప్పు. ఈమధ్య డిస్ట్రిబ్యూటర్, అంటే ప్లగ్గులకి కరెంటు పంచే డబ్బా, ఎవరైనా కదిపారా? ఇంజన్ వేడి చూపే ముల్లు ఎక్కడుంటోంది? ప్లగ్గు విప్పితే కొన ఏ రంగులో ఉంది?

నల్లగొండ_అమ్మ:
మా పాత బండికి కూడా ఈ ఏడాది నుంచే ఈ బాధ. ఇథనాల్ కలిపిన పెట్రోలు వల్లేనంటున్నారు, నిజమా?

పాలమూరు_స్పానర్:
సగమే నిజం అమ్మా. ఇథనాల్ నాకింగ్‌ని ఆపే సరుకే. కానీ పెట్రోలు పూర్తిగా కాలడానికి బరువులో 14.7 పాళ్ల గాలి కావాలి, ఇథనాల్‌కి 9 పాళ్లే చాలు. కార్బొరేటర్ జెట్ (పెట్రోలు వదిలే సన్న రంధ్రం) పాత లెక్కలోనే పోస్తుంది కాబట్టి మిశ్రమం పలచబడుతుంది, అంటే కావాల్సిన దానికంటే గాలి ఎక్కువవుతుంది. ఎక్కడైనా గాలి లీకు కూడా ఉంటే ఇంకా పలచన, ఇంకా వేడి. పాత రబ్బరు పైపుల్ని కూడా ఇథనాల్ పాడు చేస్తుంది, ముందు అవి చూపించండి.

దేవరకొండ_పాతబండి:
అన్నా, రెండు నెలల క్రితం పికప్ లేదంటే ఒకతను డిస్ట్రిబ్యూటర్ తిప్పాడు. వేడి ముల్లు సగంలోనే ఉంది. ప్లగ్గు కొన తెల్లగా సున్నం పూసినట్టుంది.

పాలమూరు_స్పానర్:
దొరికింది. తెలుపంటే పలచన, వేడి. టైమింగ్ కూడా అడ్వాన్స్ చేసినట్టున్నాడు, అంటే స్పార్క్ పడాల్సిన దానికంటే ముందే పడుతోంది. టైమింగ్ లైట్ ఉన్న షెడ్డుకే వెళ్లు, చెవితో పెట్టేవాళ్ల దగ్గరికి వద్దు. డిస్ట్రిబ్యూటర్‌కి వచ్చే వాక్యూమ్ పైపు తీసి, మూతి మూసి, మాన్యువల్‌లో రాసిన డిగ్రీలకే పెట్టించు. అప్పటిదాకా ఎక్కుడు రాగానే గేరు దించు. టాప్ గేరులో ఈడ్పించడమే ఇంజన్‌కి శిక్ష.

దేవరకొండ_పాతబండి:
నిన్న పని అయిపోయింది. టైమింగ్ బాగా ముందుకుంది, గుర్తు కనుచూపులో కూడా లేదు. కార్బొరేటర్ కింద వాక్యూమ్ పైపు వేలితో వంచితే పెళుసుగా విరిగింది, లోపలి అంచున సన్నటి చీలిక. పైపు, ప్లగ్గులు, టైమింగ్, కార్బొరేటర్ క్లీనింగ్ కలిపి పద్దెనిమిది వందలు. ఇవాళ ఎండలోనే నలుగురం ఎక్కి మన్ననూర్ పోయి వచ్చాం, గులకరాళ్ల చప్పుడు లేదు. నాన్న ముందు సీట్లో కూర్చుని దారంతా చెవి పెట్టి విన్నాడు. మీకు ఎలా థాంక్స్ చెప్పాలో తెలియట్లేదు. పొద్దున స్టార్ట్ చేయగానే మాత్రం కాసేపు సన్నగా టిక్ టిక్ అంటోంది. దానికి భయపడాలా?

పాలమూరు_స్పానర్:
అది ట్యాపెట్లు (వాల్వుల్ని తెరిచే భాగాలు) కావచ్చు. ఆయిల్ లెవెల్ చూసుకో. ట్యాపెట్ గ్యాప్ చూపించేటప్పుడు బండిని రాత్రే షెడ్డులో వదిలి, మాన్యువల్ కూడా ఇచ్చిరా. చల్లటి ఇంజన్‌కి ఒక కొలత, వేడి ఇంజన్‌కి ఇంకో కొలత ఉంటుంది.