తొలేళ్ల రాత్రికి ఇంటి ముందు వెలిగే తెల్ల ఏనుగు: వానకూ గాలికీ నిలిచేలా ఎలా కట్టాలి?

కోట వీధి కోడలు, విజయనగరం

అందరికీ నమస్కారం. విజయదశమి వెళ్లిన తర్వాతి మంగళవారం మా ఊళ్లో పైడితల్లి అమ్మవారి సిరిమాను, అంటే కొసన పూజారిని కూర్చోబెట్టి ఊరేగించే పొడవాటి మాను, తిరుగుతుంది. ముందు రోజు సోమవారం తొలేళ్ల ఉత్సవం. ఆ రెండు రాత్రులూ మూడు లాంతర్ల కూడలి నుంచి కోట దాకా వీధులన్నీ దీపాలతో నిండిపోతాయి. పల్లెల నుంచి వచ్చినవాళ్లు పిల్లలను భుజాల మీద ఎక్కించుకుని పొద్దుపోయేదాకా తిరుగుతూనే ఉంటారు. చాలామంది మా గేటు ముందు నుంచే వెళతారు. వాళ్లు కాసేపు ఆగి చూసేలా ఏదైనా చేయాలని నాకు చాలాకాలంగా కోరిక.

సిరిమాను ముందు పాలధార, అంజలి రథం, తెల్ల ఏనుగు, బెస్తవారి వల నడుస్తాయి కదా. వాటిలో ఏనుగునూ వలనూ మా ఇంటి ముందు వెలుగుతో నిలపాలనుకుంటున్నాను. సిరిమాను జోలికి మాత్రం వెళ్లను. సిరిమాను అంటే మాకు అమ్మవారే. ఇంటి అలంకారంగా పెట్టడానికి నా మనసు ఒప్పుకోదు.

గేటుకూ మెట్లకూ నడుమ ఎనిమిది అడుగుల ఖాళీ ఉంది. పైన సజ్జ రెండడుగులే కాబట్టి వాన నేరుగా పడుతుంది. నాకు వెల్డింగ్ రాదు. కుట్టు మిషను ఉంది, ముగ్గులు బాగా వేస్తాను. అలంకరణ పనులు చేసే ఒకాయనను అడిగితే థర్మోకోల్‌తో ఏనుగును చెక్కించి, చుట్టూ సీరియల్ సెట్లు చుడదామన్నారు. థర్మోకోల్ నాకు ఇష్టం లేదు. నిప్పంటుకుంటే క్షణాల్లో కరిగి మండుతుంది, ఆ పొగ పీల్చలేం, పండుగయ్యాక దాన్ని ఎక్కడ పారేయాలో కూడా తెలియదు. చట్రం దేనితో కట్టాలి? ఏ దీపాలు వాడాలి? వీధి పిల్లలు ముట్టుకోకుండా ఉండరు, కాబట్టి అన్నిటికంటే ముందు నాకు ఆ భయం తీరాలి.

అరసవల్లి రోడ్డు, శ్రీకాకుళం

అక్కా, మాది ఫ్లెక్సు ప్రింటింగు పని. రథసప్తమికి ఏడు గుర్రాల బొమ్మను ఫోమ్ బోర్డు మీద అతికించి, అంచు వెంట కోయించి, వెనుక నుంచి దీపాలు పెడుతుంటాం. దూరానికి చాలా బాగా కనిపిస్తుంది. మీ ఏనుగును కూడా ఆరడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు బోర్డు మీద ప్రింటు తీయించి, వెనుక చెక్క ఫ్రేము కొట్టిస్తే ఒక్క పూటలో పని అయిపోతుంది. పగలు కూడా బొమ్మ స్పష్టంగా ఉంటుంది. వెనుక గోడకు రెండు మేకులు కొట్టి కట్టేయండి.

విశ్రాంత ఎలక్ట్రీషియన్, దాసన్నపేట

అమ్మా, మీరు పిల్లల గురించి ముందు ఆలోచించారు. నేనూ అక్కడి నుంచే మొదలుపెడతాను.

సీరియల్ సెట్టులో ఒక్కో బల్బు మీద పడేది మూడు వోల్టులేనని చాలామంది ధైర్యంగా చెబుతారు. ఆ లెక్క నిజమే. కానీ ఆ దండకు ఇచ్చేది 230 వోల్టులు. ఎక్కడైనా తొడుగు ఊడి, తడి నేల మీద నిలబడ్డ పిల్లవాడు అక్కడ పట్టుకుంటే, ఫేజు, అంటే కరెంటు వచ్చే తీగ, వైపు దగ్గరగా ఉన్న చోట వాడికి తగిలేది మూడు వోల్టులు కాదు. అందుకే చేయి అందే ఎత్తులో ఆ సెట్లు వద్దే వద్దు. పిట్టగోడ మీద ఉంటే ఉండనివ్వండి. కింద ఏనుగుకూ వలకూ 12 వోల్టుల దీపాలే వాడండి. సైను బోర్డుల సామాను అమ్మే దుకాణాల్లో నియాన్ స్ట్రిప్పు అని అడిగితే, పాలరంగు రబ్బరు తొడుగున్న ఎల్‌ఈడీ పట్టీ ఇస్తారు. చుక్కలు చుక్కలుగా కాకుండా ఒకే గీతలా వెలుగుతుంది. ఏనుగుకు అదే సరైనది. కత్తెర గుర్తు ఉన్న చోటే కోయాలి, పక్కన కోస్తే ఆ ముక్క వెలగదు.

శ్రీకాకుళం తమ్ముడు చెప్పిన బోర్డు గురించి ఒక మాట. బొమ్మ బాగుంటుంది, నేను కాదనను. కానీ అక్టోబరు మన జిల్లాలకు తుపానుల నెల. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ వచ్చింది. అంతటి గాలి అక్కర్లేదు, గంటకు 60 కిలోమీటర్ల ఈదురుగాలి కొడితే చాలు, ఆరు నాలుగుల నిండు బోర్డు మీద 37 కిలోల దాకా తోపు పడుతుంది. ఆకారాన్నిబట్టి ఇంకా ఎక్కువే. రెండు మేకులు దాన్ని ఆపలేవు. ఊడిన బోర్డు జనం మీదకే వెళుతుంది. మీ వీధిలో ఆ రాత్రి ఎంతమంది ఉంటారో మీరే చెప్పారు. కాబట్టి గాలి లోపలి నుంచి పోయే బొమ్మ కావాలి. చీకట్లో ఏనుగును చూపించేది దాని ఒళ్లు కాదు, గీత. తొండం వంపు, నుదుటి గుండ్రన, వీపు, తోక: ఈ గీత సరిగా ఉంటే లోపల ఏమీ లేకపోయినా చూసినవాళ్లకు ఏనుగే కనిపిస్తుంది.

ఆ గీతను మీకంటే బాగా ఎవరు వేస్తారు? మేడ మీదకు వెళ్లి ముగ్గుపిండితో ఏనుగును అసలు కొలతలోనే గీయండి. ఏడడుగుల పొడవు, అయిదడుగుల ఎత్తు మీ స్థలానికి సరిపోతుంది. కింద నిలబడి చూసేవాళ్లకు ఎలా ఉంటుందో తెలియాలంటే పిట్టగోడ ఎక్కకండి, ఫోనుతో ఫొటో తీసి దూరంగా పెట్టుకుని చూడండి. తొండం మీరు అనుకున్నదానికంటే లావుగా గీయాలి. సన్నగా గీస్తే వెలుగు రెండు వైపుల నుంచీ కలిసిపోయి ఒకే గీతగా కనిపిస్తుంది.

చట్రానికి వెదురు బద్దలు వాడండి. మేదరివాళ్ల దగ్గర పచ్చి వెదురు చీల్చి ఇమ్మని అడగండి, అంగుళం వెడల్పు చాలు. ఎండిన బద్ద వంచితే విరుగుతుంది. రాత్రంతా నీళ్లలో నానబెట్టి, ముగ్గు గీత వెంట ఇటుకలు పేర్చి, వాటి మధ్య వంచి వదిలేయండి. ఆరాక ఆ వంపు నిలుస్తుంది. గీత వెంట ఒక బద్ద, లోపల అడ్డంగా నిలువుగా నాలుగైదు బద్దలు. కట్లకు బైండింగు వైరు వద్దు. అది వెదురును కోస్తుంది, తుప్పు మరక తెల్ల ఏనుగు మీదకు దిగుతుంది. సైకిలు ట్యూబును సన్నగా కత్తిరించి, సాగదీసి చుట్టండి. వానలో జారదు, ఎంత గుంజినా పట్టు వదలదు, పండుగయ్యాక విప్పుకోవచ్చు.

ఒళ్లంటూ ఏదైనా ఉండాలనిపిస్తే పాత దోమతెర కుట్టండి. తెల్లటి నైలాన్ దోమతెర వెలుగును పట్టుకుని మెత్తగా మెరుస్తుంది, గాలిని పోనిస్తుంది, తడిసినా బరువెక్కదు. నూలు గుడ్డ వేస్తే ఒక్క జల్లుకే నీళ్లు పీల్చి చట్రాన్ని వంచేస్తుంది. దోమతెర నిప్పుకు కరుగుతుంది కాబట్టి దాని దగ్గర ప్రమిదలు పెట్టకండి, బాణసంచా కాల్చనివ్వకండి.

ఇక కరెంటు. ఏనుగు గీత మొత్తం తొమ్మిది పది మీటర్లు వస్తుంది. మీటరుకు పది వాట్ల పట్టీ అయితే వంద వాట్లు, అంటే 12 వోల్టుల దగ్గర ఎనిమిది ఆంపియర్లకు పైగా. 230 వోల్టులను 12 వోల్టులుగా మార్చే సప్లై పెట్టె 12.5 ఆంపియర్లది తీసుకోండి, చివరి దాకా నెట్టకుండా కొంత మిగలాలి. దాన్ని మేడ మీద పెట్టి తీగ కిందకు లాగాలని చూడకండి. 12 వోల్టులను ఒకటిన్నర చదరపు మిల్లీమీటర్ల రాగి తీగలో ఇరవై మీటర్లు తీసుకెళితే, ఆ కరెంటుకు దారిలోనే నాలుగు వోల్టుల దాకా పోతాయి. ఏనుగు వెలవెలబోతుంది. సప్లై ఏనుగుకు దగ్గరగా, కానీ తడవని చోట, పిల్లల చేతికి అందనంత ఎత్తున ఉండాలి. పట్టీకి రెండు కొసల నుంచీ కరెంటు ఇవ్వండి. ఒక వైపు నుంచే ఇస్తే తోక దగ్గరకు వచ్చేసరికి మసకబారుతుంది.

మెయిను బోర్డులో ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే దానంతట అదే ఆపేసే స్విచ్, ఉందో లేదో ఇవాళే చూడండి. కరెంటు మితిమీరితే పడిపోయే ఎంసీబీ ఉంది కదా అంటారు. ఎంసీబీ తీగను కాపాడుతుంది, మనిషిని కాపాడేది ఆర్‌సీసీబీ. 30 మిల్లీ ఆంపియర్లు దారి తప్పి నేలలోకి పోతే చాలు, పడిపోతుంది. లేకపోతే ఈ పండుగ పేరు చెప్పి పెట్టించండి, ఏడాదంతా ఇంట్లో వాళ్లకు పనికొస్తుంది. వీధి స్తంభం నుంచి తీగ వేసుకోమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. వెదురు గడలు పైకెత్తేటప్పుడు కరెంటు తీగలు ఎక్కడున్నాయో ముందు చూసుకోండి. తడి వెదురు కరెంటును మోస్తుంది.

చింతపల్లి తీరం, పూసపాటిరేగ

వల మాట విని రాస్తున్నాను. కొత్త వల కొనకండి. చిరిగి పక్కన పడేసినవి మా తీరంలో ఏ ఇంట్లో అడిగినా ఇస్తారు. వల కళ్లు రెండంగుళాలకు తక్కువ లేనిది ఎంచుకోండి, సన్న కళ్ల వల దూరానికి ముద్దగా కనిపిస్తుంది. తెచ్చాక మంచినీళ్లలో నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి మళ్లీ నానబెట్టండి. ఉప్పు మిగిలితే తేమ పట్టి బల్బుల తీగ కీళ్లను తినేస్తుంది. చేపల వాసన మిగిలితే రాత్రికి వీధి పిల్లులన్నీ మీ గేటు దగ్గరే ఉంటాయి.

వలను బల్లపరుపుగా, కర్టెన్‌లా కట్టకండి. పై అంచును ఒకే చోట కూర్చి, కింద అంచును వెడల్పుగా పరచండి. విసిరిన వల గాలిలో విచ్చుకున్నట్టు ఉండాలి. కింద అంచుకు మేం సీసపు గుళ్లు కడతాం. మీరు పిల్లలుండే చోట సీసం వాడకండి, నదిలో దొరికే చిన్న గులకరాళ్లను గుడ్డలో మూటకట్టి వేలాడదీయండి. సిరిమాను ముందు ఆ వల నడవడం మాకు గౌరవం. మీ గేటు ముందు కూడా అది కాళ్ల కింద పడకుండా, నేలకు జానెడు ఎత్తునే ఉండేలా చూడండి అమ్మా.

కోట వీధి కోడలు, విజయనగరం

మీ అందరికీ ధన్యవాదాలు. ఆర్‌సీసీబీ మా బోర్డులో లేదు, రేపే మనిషిని పిలిపిస్తున్నాను. శ్రీకాకుళం తమ్ముడూ, బోర్డు వద్దనుకున్నా మీ ఫ్లెక్సు ముక్కలు కావాలి. వలలో చేపలు వాటితోనే కత్తిరిస్తాం, వెనుక వైపు తెల్లగా ఉంటుంది కదా. మా వీధి పిల్లలు ఒక్కొక్కరు ఒక్కో చేపకు రంగు వేస్తామని ఇప్పటికే వాటాలు వేసుకున్నారు. వలకు నీలం బల్బుల దండ అనుకుంటున్నాను, అదీ 12 వోల్టులదే. చింతపల్లివారూ, ఆదివారం మా ఆయన అటు వస్తున్నారు.

గురువుగారూ, ఇంకో రెండు సందేహాలు. తీగలు కలిపిన చోట్ల వాన నీళ్లు దిగకుండా ఏం చేయాలి? మా చిన్నవాడు ఏనుగు చెవి ఊగాలంటున్నాడు. చేయగలమా?

విశ్రాంత ఎలక్ట్రీషియన్, దాసన్నపేట

ముందు కీళ్ల సంగతి. నల్ల టేపు ఒక్కటే చుట్టి వదిలితే జిగురు ఎండకు కరుగుతుంది, వానకు ఊడుతుంది. టంకం వేసి, వేడికి ముడుచుకునే గొట్టం తొడిగి, కొసన సిలికాన్ పూయండి. సిలికాన్ కొనేటప్పుడు న్యూట్రల్ రకం అడగండి. వెనిగర్ వాసన వచ్చేది గట్టిపడుతూ ఆమ్లం వదులుతుంది, అది రాగిని తినేస్తుంది. సప్లై పెట్టెలోకి వెళ్లే ప్రతి తీగనూ పెట్టె కంటే కిందకు జార్చి, అక్కడి నుంచి పైకి మళ్లించి లోపలికి పంపండి. తీగ వెంట జారే నీళ్లు ఆ వంపు దగ్గరే కారిపోతాయి, పెట్టెలోకి ఎక్కవు. పెట్టెను పాలిథీన్ సంచితో బిగించి చుట్టకండి, వేడి పోయే దారి ఉండాలి. సజ్జ కింద గోడకు బిగించి, పైన ప్లాస్టిక్ తొట్టిని బోర్లించినట్టు కప్పు వేయండి, అడుగు తెరిచే ఉంచండి.

చెవి తప్పకుండా ఊపవచ్చు. కారు వైపర్ మోటారు బాగుంటుందని చెప్పేవాళ్లు ఉంటారు. అది చెవికి మరీ వేగం, కరెంటూ ఎక్కువ లాగుతుంది. 12 వోల్టుల గేరు మోటారు, నిమిషానికి పది చుట్లు తిరిగేది తీసుకోండి. ఆరు సెకన్లకు ఒకసారి చెవి వెళ్లి వస్తుంది, ఏనుగు నిదానం దానికి వస్తుంది. మోటారు ఇరుసుకు రెండంగుళాల పట్టీ బిగించి, దాని కొస నుంచి సన్నటి పుల్లతో చెవిని కలపండి. చెవిని విడి చట్రంగా కట్టి, తల దగ్గర రెండు తోలు ముక్కలతో కీలులా వేలాడదీయండి. పుల్లకూ చెవికీ మధ్య మాత్రం గట్టి కట్టు వద్దు, అక్కడ కూడా సైకిలు ట్యూబు ముక్కే పెట్టండి. గాలి చెవిని వెనక్కి నెట్టినప్పుడు ట్యూబు సాగుతుంది, మోటారు పళ్లు విరగవు. చెవికి వెళ్లే ఎల్‌ఈడీ పట్టీ తీగ అటూ ఇటూ వంగుతూనే ఉంటుంది కాబట్టి ఒంటి తీగ కాకుండా సన్న పోగుల మెత్తటి తీగ వేసి, కీలు దగ్గర చిన్న చుట్టు వదలండి. మోటారును తల వెనుక పెట్టి, వాన పడకుండా కోసిన ప్లాస్టిక్ సీసా తొడగండి. చిన్నవాడి వేళ్లు మోటారుతో తిరిగే ఆ పట్టీ దగ్గరకు పోకుండా చుట్టూ తడిక కట్టండి.

కట్టడం అయ్యాక తొలేళ్లకు వారం ముందే ఒక రాత్రి మొత్తం వెలిగించి, బకెట్టుతో నీళ్లు చల్లి చూడండి. అంతకు ముందు ఆర్‌సీసీబీ మీద ఉన్న టెస్టు మీట నొక్కండి. ఠక్కున పడిపోతేనే నీళ్లు చల్లండి. సోమవారం పొద్దున మరొక్కసారి నొక్కండి. నేనూ ఆ సాయంత్రం గుడికి వస్తాను, దారిలో మీ గేటు దగ్గర ఆగి కట్లు ఓసారి లాగి చూస్తాను.