స్టాఫ్ నొటేషన్ చదవడం రాకుండా గిటారు నేర్చుకోవచ్చా?

ప్రశ్న: గాజువాక గాయని

అందరికీ నమస్కారం. చిన్నతనంలో కర్ణాటక సంగీతం వర్ణాల దాకా నేర్చుకొని, ఉద్యోగంలో చేరాక వదిలేసినదాన్ని. నా పాటకు నేనే గిటారు వాయించుకోవాలన్న కోరికతో ఈమధ్య ఒక అకౌస్టిక్ గిటారు కొన్నాను. ద్వారకానగర్‌లో నేను కలిసిన ఒక మాస్టారు, స్టాఫ్ నొటేషన్ (అయిదు గీతల మీద రాసే పాశ్చాత్య సంగీత లిపి) చదవడం వచ్చిన తరువాతే తీగ ముట్టుకోనిస్తానన్నారు. ఆదివారం సాయంత్రాలు ఆర్.కె. బీచ్‌లో కూర్చుని వాయించే మా ఆఫీసు కుర్రాళ్లేమో, ఆ గీతలు తమలో ఒక్కరికీ తెలియవనీ, ఫోనులో ట్యాబ్ (ఏ తీగను ఎక్కడ నొక్కాలో అంకెలతో చూపే లిపి) చూసి వాయించేస్తామనీ అంటున్నారు.

నాకు గ్రేడ్ పరీక్షలు రాసే ఉద్దేశం లేదు. సినిమా పాటలు, లలిత గీతాలు, అప్పుడప్పుడు ఒక కీర్తన పాడుకుంటే చాలు. స్టాఫ్ నేర్చుకోకపోతే నేను నిజంగా కోల్పోయేది ఏమిటి? నాకున్న కాస్త స్వరజ్ఞానం గిటారు మీద పనికొస్తుందా? నా శ్రుతి, అంటే నేను పాడే ఆధార షడ్జమం, అయిదున్నర.

జవాబు: ఆరు తీగలు

గాయని గారూ, మీ మాస్టారి పద్ధతి తప్పేమీ కాదు, కానీ అది వేరే గమ్యానికి దారి. క్లాసికల్ గిటారు నేర్చుకునేవారికీ, కాగితం ముందు పెట్టగానే వాయించవలసిన స్టూడియో కళాకారులకూ స్టాఫ్ లేకుండా జరగదు. మీ లక్ష్యానికి మాత్రం అది ముందస్తు షరతు కాదు. రాక్ గిటారిస్టు జిమీ హెండ్రిక్స్‌కు స్టాఫ్ చదవడం రాదు. బీటిల్స్ బృందంలోని పాల్ మెకార్ట్నీ తనకు రాదని తానే చెప్పారు. అయితే ఈ పేర్లు చెప్పేవారు ఒక సంగతి దాటవేస్తుంటారు. వాళ్లిద్దరూ కాగితం చదవకపోయినా, విన్నదాన్ని వేళ్లలోకి తెచ్చుకోగల చెవి వాళ్లకుంది. కాగితాన్ని వదిలేసేవారు ఆ చెవిని సాధించుకోవలసిందే, వర్ణాల దాకా పాడిన మీకు అందులో సగం పని ఇదివరకే అయిపోయింది.

గిటారు మెడ మీద అడ్డంగా ఉండే లోహపు మెట్లే ఫ్రెట్లు, ఒక్కొక్క ఫ్రెట్టు ఒక్కొక్క స్వరస్థానం. ఏ తీగనైనా నొక్కకుండా మీటినప్పుడు పలికేదాన్ని షడ్జమం అనుకుంటే, 2వ ఫ్రెట్టు దగ్గర చతుశ్శ్రుతి రిషభం, 4 దగ్గర అంతర గాంధారం, 5 దగ్గర శుద్ధ మధ్యమం, 7 దగ్గర పంచమం, 9 దగ్గర చతుశ్శ్రుతి ధైవతం, 11 దగ్గర కాకలి నిషాదం, 12 దగ్గర తారస్థాయి షడ్జమం వస్తాయి. ఇది శంకరాభరణం, పాశ్చాత్యులు మేజర్ స్కేల్ అనేది కూడా ఇదే. ఒకే తీగ మీద అటూ ఇటూ జరుగుతూ సరళీ వరుసలు వాయించి చూడండి, ఏ కాగితమూ లేకుండానే మెడ మీది దూరాలు మీకు తెలిసిపోతాయి.

తరువాత అడ్డంగా, తీగ నుంచి తీగకు వెళ్లడం నేర్చుకోవాలి. లావు తీగ ఆరోది, సన్న తీగ ఒకటోది అని గుర్తుపెట్టుకోండి. అయిదో తీగ 3వ ఫ్రెట్టును షడ్జమం చేసుకొని (అది ఒకటో శ్రుతి), అదే తీగ 4వ ఫ్రెట్టు, నాలుగో తీగ 2, 3 ఫ్రెట్లు, మూడో తీగను నొక్కకుండా ఒకసారి, 1వ ఫ్రెట్టు నొక్కి ఒకసారి, రెండో తీగను నొక్కకుండా ఒకసారి, 1వ ఫ్రెట్టు నొక్కి ఒకసారి మీటితే, మీరు చిన్నప్పుడు మొట్టమొదట పాడిన మాయామాళవగౌళ ఆరోహణ పూర్తిగా పలుకుతుంది. నా దగ్గరకు వచ్చేవారిలో గాత్రం తెలిసినవాళ్లకు నేను మొదట చూపించేది ఇదే. వయోలిన్ పాశ్చాత్య వాద్యమే అయినా, పక్కనే విజయనగరంలో 1919లో మొదలైన మహారాజా సంగీత కళాశాలలో దాన్ని స్వరంతోనే నేర్పారు. గిటారుకు మాత్రం వేరే నియమం ఎందుకుండాలి?

మన సంగీతం మీకు నేర్పనిది కార్డుల సంగతి, అంటే కొన్ని స్వరాలను ఒకేసారి మోగించడం. స, గ, ప మూడూ కలిపి ఒకేసారి మోగితే అది మేజర్ కార్డు. అంతర గాంధారాన్ని సాధారణ గాంధారంగా మారిస్తే మైనర్ అవుతుంది. షడ్జమం మీద, మధ్యమం మీద, పంచమం మీద ఒక్కొక్క కార్డు కట్టుకొని, ధైవతం మీద ఒక మైనర్ కార్డు చేర్చుకుంటే, శంకరాభరణం ఛాయలో నడిచే చాలా తేలిక పాటలకు ఆ నాలుగూ సరిపోతాయి. వేళ్లు ఎక్కడ పెట్టాలో చూపే కార్డు బొమ్మలు చదవడానికి ఒక సాయంత్రం చాలు. మీ అయిదున్నర శ్రుతికి 1వ ఫ్రెట్టు దగ్గర కాపో (తీగలన్నిటినీ నొక్కిపట్టే క్లిప్పు) బిగించి, జి, సి, డి, ఇ మైనర్ ఆకారాలు పట్టండి. ఒకే వేలితో తీగలన్నీ నొక్కవలసిన ఎఫ్ వంటి బారె కార్డులతో మొదట్లోనే చూపుడువేలిని హింసించుకోవద్దు.

జవాబు: వాల్తేరు కోయిర్

పై జవాబుతో చాలావరకు ఏకీభవిస్తూనే ఒక మాట చెప్పాలనిపిస్తోంది. మా చర్చి కోయిర్‌లో సొప్రానో, ఆల్టో, టెనర్, బాస్ నాలుగు వరుసలూ ఒకే కాగితం మీద ఉంటాయి కాబట్టి, ఎవరు ఎక్కడ ఆగుతారో, ఎవరు ఎవరి మీదుగా వెళుతున్నారో పాడకముందే కంటికి కనిపిస్తుంది. చెవి ఎంత గొప్పదైనా ఇంకా మోగని సంగీతాన్ని వినలేదు. మీరు ఒంటరిగా పాడుకుంటారు కనుక ఇప్పుడు అవసరం లేదంటే ఒప్పుకుంటాను, కానీ నలుగురితో కలిసే రోజు వస్తే ఆ అయిదు గీతలను చూసి భయపడకండి. స్వరం తెలిసినవారికి అది కొత్త లిపి మాత్రమే.

జవాబు: సింహాచలం రోడ్డు

మీ ఆఫీసు కుర్రాళ్ల ట్యాబ్ గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెబుతాను. ట్యాబ్ అంటే ఇంటర్నెట్ కనిపెట్టిన దొడ్డిదారి అని చాలామంది అనుకుంటారు గానీ, యూరప్‌లో ల్యూట్ అనే తీగల వాద్యం వాయించేవారు 16వ శతాబ్దంలోనే ఇటువంటి లిపిని వాడారు. ఆరు గీతలు ఆరు తీగలు, పై గీత సన్న తీగ, గీత మీది అంకె ఫ్రెట్టు. గిటారు మీద ఒకే స్వరం చాలా చోట్ల దొరుకుతుంది: ఒకటో తీగను నొక్కకుండా మీటినా, రెండో తీగ 5వ ఫ్రెట్టు దగ్గరైనా, మూడో తీగ 9వ ఫ్రెట్టు దగ్గరైనా పలికేది అదే స్వరం. ఏ చోట నొక్కాలో స్టాఫ్ దానంతట అది చెప్పదు, ట్యాబ్ చెబుతుంది.

దాని లోపం లయలో ఉంది. ఉచితంగా దొరికే ట్యాబుల్లో చాలావాటిలో అంకెలే తప్ప ఏ స్వరం ఎంతసేపు నిలవాలో ఉండదు. అందుకే పాట ముందే తెలిసినవారికి తప్ప అవి ఉపయోగపడవు. పైగా ఎవరో చెవితో విని రాసినవి కాబట్టి తప్పులూ ఉంటాయి. మీరు తాళం వేయడం నేర్చుకున్నవారు గనుక, పాటను ముందు చేత్తో తాళం వేస్తూ పాడి, అది చతురశ్రమా (నాలుగు లెక్క) తిశ్రమా (మూడు లెక్క) తేల్చుకున్నాకే గిటారు పట్టండి. కుడిచేయి కిందికి వచ్చే దెబ్బ తాళం దెబ్బతో కలిస్తే స్ట్రమ్మింగ్‌లో (తీగలన్నీ కలిపి మీటడంలో) సగం కష్టం తీరినట్టే.

గాయని

ముగ్గురికీ ధన్యవాదాలు. మాయామాళవగౌళ నిజంగానే పలికింది! ఒక్క సందేహం: కీర్తన వాయించబోతే స్వరాలు మెట్లు మెట్లుగా వినిపిస్తున్నాయి. ఫ్రెట్లున్న వాద్యం మీద గమకం, అంటే స్వరాన్ని ఊపుతూ జారుస్తూ పలికించడం, సాధ్యమేనా?

జవాబు: ఆరు తీగలు

సాధ్యమే. గిటారిస్టు ప్రసన్న గారి కర్ణాటక కచేరీలు వినండి. రెండు మార్గాలున్నాయి: నొక్కిన వేలు ఎత్తకుండా ఒక ఫ్రెట్టు నుంచి మరొకదానికి జారడం, లేదా నొక్కిన చోటే తీగను పక్కకు లాగి ధ్వనిని పైస్థానానికి తీసుకువెళ్లడం. మామూలు అకౌస్టిక్ గిటారుకు తరచుగా వేసే 12 గేజ్ (గేజ్ అంటే తీగ మందం) తీగలు లాగడానికి బిగువుగా ఉంటాయి, కాబట్టి ఈసారి తీగలు మార్చినప్పుడు సన్నటి 10 గేజ్ సెట్టు అడగండి. ముందు జారుడు మాత్రమే అభ్యసించి, వేలి కొసలు గట్టిపడ్డాక లాగడం మొదలుపెట్టండి. లాగిన తీగ సరైన స్థానానికి చేరిందో లేదో తెలియడానికి శ్రుతి పెట్టె మోగుతూ ఉండాలి.