పక్క సీటు సీనియర్ వెకిలి మాటలు

ప్రశ్న: నేను బిల్లులు సరిచూస్తున్నప్పుడల్లా పక్క సీటు సీనియర్ ఒకరు కుర్చీ దగ్గరకు జరుపుకొని నా చీర గురించి, నడక గురించి వెకిలిగా మాట్లాడుతున్నారు. వద్దని రెండుసార్లు చెప్పినా మానలేదు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ఏ రోజు, ఎవరి ఎదుట, ఏ మాట అన్నారో ఉన్నదున్నట్టు నోటుపుస్తకంలో రాసుకోండి. అలా రాసుకోకపోవడం వల్లే నేను విచారణలో తేదీలు చెప్పలేక తడబడ్డాను.

జవాబు: పనిచేసే చోట మహిళలపై లైంగిక వేధింపులను అరికట్టే 2013 నాటి చట్టం ప్రకారం 10 మంది, అంతకు మించి పనిచేసే ప్రతిచోటా ఇలాంటి ఫిర్యాదులు విచారించడానికి మహిళ అధ్యక్షతన అంతర్గత కమిటీ ఉండాలి. చివరి సంఘటన జరిగిన 3 నెలల్లోగా రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి; విచారణ సాగుతుండగా బదిలీ గానీ, 3 నెలల వరకు సెలవు గానీ కోరవచ్చు. సర్దుకుపొమ్మనేవారి మాట దయచేసి వినకండి.

ప్రశ్న అడిగినవారు: కృతజ్ఞతలండీ. ఈ రాత్రే రాయడం మొదలుపెడతాను.