పైపెరజైన్‌కి ఒకవైపే అతకాలంటే ఎక్కువ పోయాలా, బాక్ పెట్టాలా?

పాలమూరు పిలగాడు:
పోలేపల్లిలో ఆర్‌అండ్‌డీలో చేరి ఆరు నెలలైంది. పైపెరజైన్ అణువుకి రెండు వైపులా నైట్రోజన్లు, రెండూ అతుక్కుంటాయి. దానికి 4-క్లోరోబెంజ్‌హైడ్రిల్ క్లోరైడ్‌ని ఒకవైపే అతికించాలి, అలర్జీ మందు సెటిరిజైన్‌కి పోయే దారిలో మెట్టు ఇది. టీఎల్‌సీ (పదార్థాలను మచ్చలుగా విడదీసి చూపే పరీక్ష) తీసిన ప్రతిసారీ మోనో (ఒకవైపే అతికింది) మచ్చకి పైన డైమర్ (రెండువైపులా అతికింది) మచ్చ. సీనియర్ "పైపెరజైన్ ఎక్కువ పొయ్యి" అంటాడు. టీమ్ లీడ్ "బాక్‌తో (నైట్రోజన్‌కి తాత్కాలికంగా పెట్టి తర్వాత తీసేసే మూత) ఒకవైపు మూసెయ్" అంటారు. టెన్షన్‌గా ఉంది, ఎవరి మాట వినాలి?

నల్గొండ ల్యాబ్:
ఎక్కువే పొయ్యి తమ్మీ. రెండు నైట్రోజన్లూ ఒకే చురుకుతో ఉన్నాయనుకో. ఒకటికి ఒకటి వేస్తే నీ క్లోరైడ్‌లో సగమే మోనో అవుతుంది, సగం డైమర్ పాలు. క్లోరైడ్ ఒక మోల్‌కి (మోల్ అంటే అణువుల లెక్క) పైపెరజైన్ ఐదు మోల్స్ వేస్తే 90 శాతం మోనో. పది వేస్తే 95. ఆ ఐదు శాతం కోసం సరుకు రెట్టింపు చేయడం దండగ, నేను ఐదు దగ్గరే ఆగుతా. బాక్ అంటే పెట్టడానికో స్టెప్పు, తీయడానికో స్టెప్పు. బాక్ పెట్టడానికి వాడే అన్‌హైడ్రైడ్ మోల్‌కి 218 గ్రాములు, మందులో ఒక్క అణువూ మిగలదు.

చౌటుప్పల్ ఈటీపీ:
అన్నా, ఆ ఐదులో మిగిలిన నాలుగు ఎటు పోతాయో చెప్పలేదు. క్లోరైడ్ మోల్‌కి 344 గ్రాముల పైపెరజైన్! నీళ్లలో ఇట్టే కరుగుతుంది, కడిగిన నీళ్లు నేరుగా మా ఈటీపీ (వ్యర్థ జలాల శుద్ధి ప్లాంటు) ట్యాంకుకే. ఆ రోజు నైట్రోజన్ లోడు చూస్తే గుండె ఆగుతుంది, బ్యాక్టీరియా బురద రెండు రోజులు కోలుకోదు. అసలే ఫ్లోరైడ్‌తో నడుములు వంగిన ఉమ్మడి నల్గొండ జిల్లా మనది. మా అమ్మ బోరు నీళ్లు బర్లకు కూడా పట్టదు. ల్యాబ్‌లో ఈల్డ్ (ఎంత సరుకు వచ్చిందో) రాసుకునేటప్పుడు ఈ నీళ్లు కూడా లెక్కలో రాయండి.

జడ్చర్ల అక్క:
ఈటీపీ తమ్ముడి మాట నిజం. కానీ బాక్‌ని దేవుడిని చేయకండి. బాక్ పెట్టేటప్పుడు కూడా పైపెరజైన్‌కి అవే రెండు చేతులు, బిస్-బాక్ (రెండువైపులా బాక్ పట్టింది) వచ్చి తీరుతుంది. అదృష్టం ఏంటంటే అది నీళ్లలో కరగదు, వడగడితే పోతుంది. యాసిడ్‌తో బాక్ తీసేటప్పుడు కార్బన్ డయాక్సైడ్, ఐసోబ్యుటిలీన్ వస్తాయి, రెండోది మండే గ్యాస్. నేనోసారి తొందరపడి యాసిడ్ ఒక్కసారే పోశాను, నురుగు కండెన్సర్ దాకా ఎక్కింది. చేతులు వణికాయి.
ఇంకో దారి ఉంది. పైపెరజైన్ పీకేఏలు (ప్రోటాన్‌ని ఎంత గట్టిగా పట్టుకుంటుందో చెప్పే అంకెలు) సుమారు 9.8, 5.3. మొదటి నైట్రోజన్ ప్రోటాన్‌ని గట్టిగా పట్టుకుంటుంది, రెండోది అంత తేలిగ్గా తీసుకోదు. ఒక మోల్ హెచ్‌సీఎల్ ఇస్తే ఒకవైపు మూసుకున్నట్టే. అన్నిటికన్నా చవకైన మూత యాసిడే.

నల్గొండ ల్యాబ్:
అక్కా, చాలా హేలైడ్లకి (ఇలాంటి క్లోరైడ్, బ్రోమైడ్‌లకి) అది బాగుంటుంది. ఈ క్లోరైడ్‌కి మాత్రం నాకు భయం. యాసిడ్ పట్టిన పైపెరజైన్ ఉప్పు కరగాలంటే నీళ్లో ఆల్కహాలో కావాలి, అందులో ఈ క్లోరైడ్ ఊరికే హైడ్రాల్‌గానో (దాని ఆల్కహాల్) ఈథర్‌గానో మారిపోతుంది. టోలుయిన్‌లోనే చేయాలి. కానీ ఈటీపీ తమ్ముడికి ఒప్పుకుంటున్నా, మిగిలింది పారబోయకూడదు. పైపెరజైన్ 146 డిగ్రీల దగ్గర మరుగుతుంది, రికవరీ చేయొచ్చు.

చౌటుప్పల్ ఈటీపీ:
చేయొచ్చు కాదన్నా, చేయాలి. సరుకులో కాస్త మిగిలినా ముప్పే. నైట్రైట్ తగిలితే నైట్రోసోపైపెరజైన్ అనే నైట్రోసమైన్ అవుతుంది. 2018లో బీపీ మందు వల్సార్టన్‌లో క్యాన్సర్ ముప్పున్న నైట్రోసమైన్లు దొరికిన గొడవ తర్వాత వాటి మీద ఎంత పట్టు బిగించారో అందరికీ తెలుసు.

పాలమూరు పిలగాడు:
సోమవారం ఐదు మోల్స్‌తో టోలుయిన్‌లో పెడుతున్నా. మొదటి వాష్ నీళ్లు వేరే క్యాన్‌లో పట్టి, అందులో ఎంత పైపెరజైన్ ఉందో టైట్రేట్ చేస్తా (కొలిచిన యాసిడ్‌తో లెక్క తేలుస్తా). ఆ అంకె చూపించాకే టీమ్ లీడ్‌తో బాక్ సంగతి మాట్లాడతా. ఇక్కడ కూడా పెడతా.