ఇల్లు, ప్రయాణం, స్టేజీ: మూడింటికీ ఒకే కెమెరా. సెట్టింగులు ఎలా పెట్టుకోవాలి?

కిటికీవెలుగు:

ఏపీఎస్-సీ (పాత ఫిల్ము సైజు కన్నా చిన్నది) సెన్సర్ ఉన్న 24 మెగాపిక్సెల్ మిర్రర్‌లెస్ బాడీ, 18-55 ఎంఎం ఎఫ్/3.5-5.6 కిట్ లెన్సు (కెమెరాతో వచ్చే జూమ్), 50 ఎంఎం ఎఫ్/1.8 లెన్సు ఉన్నాయి. ఇంట్లోవాళ్లు, ప్రయాణాలు, నాటకాలు, కచేరీలు అన్నీ ఏడాది పాటు తీసి ఒక్క ఆల్బమ్‌గా చెయ్యాలి.

ఇబ్బందులు ఇవి. స్టేజీ మీద ఎర్ర లైటు పడితే ముక్కూ చెంపా తేడా లేకుండా మొహమంతా ఒకే ఎర్ర ముద్ద. కొన్ని ఫ్రేముల్లో అడ్డంగా నల్లటి చారలు. సాయంత్రం ఇంట్లో తీస్తే పిల్లల చేతులు అలుక్కుపోతున్నాయి. ప్రయాణంలో ఫోను ఫొటోలూ కెమెరా ఫొటోలూ కలిపితే వరస తప్పుతోంది. స్టేజీ షాట్లు 55 ఎంఎం దగ్గర ఎఫ్/5.6, షట్టర్ 1/60 సెకను, ఐఎస్ఓ (వెలుగుకి సెన్సర్ సున్నితత్వం) 6400తో తీసినవి, సైలెంట్ మోడ్‌లో. కొత్త లెన్సు కొనాలా, ఉన్నవాటితో నడుస్తుందా?

మూడోవరుస:

స్టేజీ వరకు నేను చెప్తాను. కొనేముందు లెక్క చూడండి. ఎఫ్ అంకె తగ్గితే లెన్సు రంధ్రం పెద్దదవుతుంది, ఒక్కో స్టాపుకి వెలుగు రెట్టింపు. ఎఫ్/5.6 నుంచి ఎఫ్/2కి వస్తే మూడు స్టాపులు, అంటే ఎనిమిది రెట్ల వెలుగు. రెండు స్టాపులు షట్టర్‌కిచ్చి 1/250 చెయ్యండి, మిగిలింది ఐఎస్ఓకిచ్చి 3200కి దించండి. ఎక్స్‌పోజర్ అంతే ఉంటుంది, కదలిక ఆగుతుంది, నాయిస్ (ఫొటోలో గరుకు చుక్కలు) కూడా తగ్గుతుంది. అంటే స్టేజీకి మీ 50 చాలు, కిట్ లెన్సు బ్యాగులోంచి తీయనక్కర్లేదు. అయిదు మీటర్ల నుంచి 50తో ఎఫ్/2 దగ్గర ఫోకస్ మందం (పదునుగా వచ్చే లోతు) సుమారు 80 సెంటీమీటర్లు. పాడే మనిషికి అది ధారాళం. నాట్యమైతే 1/500 పెట్టాలి, గెంతులో పాదాలు ఆగాలంటే ఇంకా పైకి.

ఎర్ర ముద్ద సంగతి. కెమెరా ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడింటినీ విడివిడి చానెళ్లుగా నమోదు చేస్తుంది. ఎల్ఈడీ ఎర్ర లైటులో ఆకుపచ్చ, నీలం దాదాపు ఉండవు. కాబట్టి ఎర్ర చానెల్ ఒక్కటే నిండి పొర్లిపోతుంది, మిగతా రెండూ ఖాళీగా ఉంటాయి. హిస్టోగ్రామ్ అంటే వెలుగు ఎంత పడిందో చూపే గ్రాఫు. మామూలు తెల్ల హిస్టోగ్రామ్‌లో ఆకుపచ్చకే ఎక్కువ బరువు ఉంటుంది, అందుకే అది చూస్తే అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. ఆర్‌జీబీ హిస్టోగ్రామ్ పెట్టుకుని ఎర్ర గీత కుడి గోడకి తగలకుండా చూడండి. సాధారణంగా ఒకటి, ఒకటిన్నర స్టాపు తగ్గించాల్సొస్తుంది. రా ఫైలు (సెన్సర్ నమోదు చేసిన ముడి ఫైలు) తప్పనిసరి. ఇప్పటికే పాడైనవాటిని బ్లాక్ అండ్ వైట్‌లోకి మార్చి ఆకుపచ్చ చానెల్‌ని పైకి లాగి చూడండి. నాయిస్ వస్తుంది గానీ ముక్కు గీత, కనురెప్పలు తిరిగి కనిపిస్తాయి. ఎర్ర చానెల్ మీద కుస్తీ పట్టొద్దు, అక్కడ మిగిలిందేమీ లేదు.

చారలకి కారణం ఆ సైలెంట్ మోడే, అంటే చప్పుడు లేని ఎలక్ట్రానిక్ షట్టర్. డిమ్ చేసిన ఎల్ఈడీ నిజానికి సన్నగా వెలగదు, కంటికి అందనంత వేగంగా వెలిగి ఆరుతుంటుంది. ఎలక్ట్రానిక్ షట్టర్ సెన్సర్‌ని పైనుంచి కిందకి వరస వరసగా చదువుతుంది, మామూలు సెన్సర్లలో ఆ పనికి సెకనులో ఇరవయ్యో వంతు దాకా పడుతుంది. లైటు ఆరిన క్షణంలో చదివిన వరసలే ఆ నల్ల చారలు. మెకానికల్ షట్టర్‌కి మారితే చాలావరకు పోతాయి. పోకపోతే షట్టర్ స్పీడు తగ్గించండి: కరెంటు 50 హెర్ట్జ్ ఉన్న దేశంలో 1/100 లేదా 1/50, 60 హెర్ట్జ్ అయితే 1/120 లేదా 1/60. మెనూలో ఉండే యాంటీ ఫ్లికర్ కరెంటుతో పాటు మినుకుమనే దీపాలకే పనిచేస్తుంది, వేల హెర్ట్జ్‌లో కొట్టుకునే స్టేజీ ఎల్ఈడీ దానికి దొరకదు.

మీరు అడగలేదు గానీ, లెన్సు మీద యూవీ ఫిల్టర్ ఉంటే తీసెయ్యండి. నల్లటి వెనకతెర మీద లైట్ల పచ్చటి నకళ్లు తలకిందులుగా తేలేది దానివల్లే. ఫోకస్ సాయానికి వెలిగే నారింజ దీపం కూడా ఆపండి, నటుల కంట్లో పడుతుంది. గాయకుల్ని ఎదురుగా తీస్తే మైకు పెదాలని మింగేస్తుంది. పక్కకి నలభై అయిదు డిగ్రీలు జరగండి. చరణం ఆఖరి స్వరం పట్టాక తల మైకు నుంచి ఒక జానెడు వెనక్కి వస్తుంది, మెడ నరం ఇంకా బిగిసే ఉంటుంది. నొక్కాల్సింది అప్పుడు.

గడపదగ్గర:

ఇంటి ఫొటోలకి మాత్రం పైన చెప్పిన ఎఫ్/2 పట్టుకెళ్లకండి. అదే 50తో, అదే ఎఫ్/2 దగ్గర, మీటరున్నర దూరంలో ఫోకస్ మందం ఏడు సెంటీమీటర్లే. దగ్గరి కన్ను పదునుగా ఉంటే చెవి మెత్తబడుతుంది. పక్కన కూర్చున్న తమ్ముడు అరచెయ్యి వెనక్కుంటే మసకే. ఇద్దరుంటే ఎఫ్/4, రెండు వరసల్లో నిలబడితే ఎఫ్/5.6 నుంచి 8.

ఇంకోటి, ఏపీఎస్-సీ మీద 50 అంటే చూపు ఫిల్ము సైజు కెమెరా మీది 75లా ఇరుకవుతుంది. చిన్న గదిలో గోడకి ఆనుకున్నా ఇద్దరికి మించి పట్టరు. మీరు ఏదైనా కొనదలిస్తే 23 లేదా 24 ఎఫ్/1.8 లాంటిది చూడండి, ఇంటికీ ప్రయాణానికీ అదే సరిపోతుంది.

చేతులు అలుక్కుపోవడం గురించి: షట్టర్ స్పీడు కెమెరాకి వదిలేస్తే అది లెన్సు పొడవు చూసి 1/60 పట్టుకుంటుంది. పిల్లల వేగం దానికేం తెలుసు? ఆటో ఐఎస్ఓ మెనూలో కనీస షట్టర్ స్పీడు 1/250 పెట్టండి, పరిగెడుతుంటే 1/500. ఐఎస్ఓ 6400కి వెళ్లినా పర్లేదు. నాయిస్ తర్వాత తగ్గించుకోవచ్చు, అలుక్కుపోయిన చెయ్యిని ఏం చేసినా బాగుచెయ్యలేం.

పగలు తీసేటప్పుడు గదిలో బల్బులు ఆర్పి కిటికీ ఒక్కటే ఉంచండి. రెండూ ఉంటే ఒక చెంప నీలంగా, ఇంకో చెంప పసుపుగా వస్తుంది. ఏ వైట్ బ్యాలెన్స్ (లైటు రంగుకి తగ్గ సవరణ) పెట్టినా ఒకటి సరిచేస్తే రెండోది చెడుతుంది. మనిషిని కిటికీకి ఎదురుగా కాదు, పక్కవాటుగా కూర్చోబెట్టండి.

ఆటో ఐఎస్ఓని స్టేజీ మీద మాత్రం నమ్మకండి. వెనకంతా నలుపే కాబట్టి మీటరు మోసపోయి మొహాన్ని తెల్లగా కాల్చేస్తుంది. అక్కడ ఐఎస్ఓతో సహా అన్నీ మాన్యువల్.

తిరుగుబండి:

మాన్యువల్ అన్నది తెల్లటి స్పాట్‌లైటు నిలకడగా ఉన్నప్పుడు సరే. తాళానికి లైట్లు మారే బ్యాండు షోలో చేత్తో తిప్పి అందుకోలేం. అక్కడ ఆటో ఐఎస్ఓ పెట్టి, ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ మైనస్ ఒకటి లేదా ఒకటిన్నర స్టాపు ఇచ్చి, ఐఎస్ఓకి పైన 6400 హద్దు పెట్టుకోవడమే మేలు.

వరస తప్పడం గడియారం తేడా. ఫోను కొత్త టైమ్‌జోన్‌కి దానంతటదే మారుతుంది, కెమెరా మారదు. అక్కడికి చేరి ఫోను టైము మారాక, సెకన్లు కనిపించేలా ఫోను గడియారాన్ని కెమెరాతో ఒక ఫొటో తీసి ఉంచండి. వచ్చాక ఆ ఫ్రేములోని టైముకీ ఫైల్లో నమోదైన టైముకీ ఎంత తేడానో చూసి, ఎగ్జిఫ్‌టూల్‌తో గానీ లైట్‌రూమ్‌లో క్యాప్చర్ టైమ్ మార్చి గానీ మొత్తం కట్టని ఒక్కసారే జరపొచ్చు (రెండూ ఫైల్లోని టైము మార్చగల ప్రోగ్రాములు). చేర్చాల్సింది ఎటు, తీసెయ్యాల్సింది ఎటు అన్నది పది ఫొటోల మీద సరిచూసుకున్నాకే మిగతావి.

కార్డుల విషయం క్లుప్తంగా: 24 మెగాపిక్సెల్ కంప్రెస్డ్ రా ఒక్కోటి 25 నుంచి 30 ఎంబీ, 64 జీబీ కార్డులో సుమారు రెండు వేల ఫొటోలు పడతాయి. రెండు చోట్ల కాపీ అయ్యేదాకా ఫార్మాట్ చెయ్యొద్దు. విడి బ్యాటరీలు విమానంలో చేతిబ్యాగులోనే, కొనలకి టేపు వేసి. ఏసీ గదిలోంచి ఉక్కలోకి వెళ్లేముందు కెమెరాని జిప్ కవర్లో మూసి, బయట అరగంట అలాగే ఉంచండి. తడి కవరు మీద పడుతుంది, అద్దం మీద కాదు.

మూడు పనులకీ మోడ్ డయల్ మీద సీ1, సీ2, సీ3 (మీ సెట్టింగులు దాచుకునే చోట్లు) పెట్టుకోండి. ఒక చిక్కు: చాలా బాడీల్లో సీ1లో ఉండగా మార్చినవి కెమెరా ఆపగానే పోతాయి, మళ్లీ రిజిస్టర్ చేస్తేనే నిలుస్తాయి. ఏ మోడ్‌లో ఉన్నారో చూడకుండా స్టేజీ వైట్ బ్యాలెన్స్ 3200 కెల్విన్‌తో పగలు తీస్తే జెపెగ్‌లన్నీ నీలంగా వస్తాయి.

కిటికీవెలుగు:

చాలా వివరంగా చెప్పారు, ధన్యవాదాలండి. ఒక్క సందేహం. నాటకంలో మెకానికల్ షట్టర్ చప్పుడు అయిదు వరసలకి వినిపిస్తుంది. సైలెంట్ వాడితే చారలు. మరి ఎలా?

మూడోవరుస:

నాటకాలకి వీలైతే డ్రెస్ రిహార్సల్ అడగండి. అవే లైట్లు, అదే మేకప్, సీట్లు ఖాళీ, చప్పుడుతో పేచీ ఉండదు. ప్రదర్శన రోజే అయితే సైలెంట్‌లో పెట్టి, లైవ్ వ్యూలో 1/50 నుంచి ఒక్కో మెట్టు మార్చుకుంటూ చారలు కదలకుండా నిలిచి పలచబడే స్పీడు వెతకండి. కొన్ని బాడీల్లో దశాంశాలతో స్పీడు మార్చే వేరియబుల్ షట్టర్ ఉంటుంది, ఉంటే అదే వాడండి. 1/50 అంటే సంభాషణ మధ్య నటుడు ఆగిన క్షణాలే దొరుకుతాయి, నడిచేటప్పుడు వదిలెయ్యాలి. నవ్వులు, చప్పట్లు వచ్చినప్పుడు మెకానికల్‌కి మారండి. ఆ మార్పిడికి ఒక ఎఫ్ఎన్ బటన్ ముందే కేటాయించి పెట్టుకోండి, చీకట్లో మెనూ వెలిగిస్తే ఆ తెర వెలుతురు పక్కసీటువాళ్ల మొహాల మీద పడుతుంది.