విశాఖ నుంచి భితార్‌కనికా దాకా తీరం వెంట కారులో: ఆరు రోజులు సరిపోతాయా?

భీమిలి బాట (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మేము విశాఖపట్నంలో ఉంటాము. ఈ సంక్రాంతికి కనుమ వెళ్లిన మర్నాడే సొంత కారులో బయలుదేరి, తీరం వెంట ఉత్తరంగా సాగుతూ ఒడిశాలోని భితార్‌కనికా జాతీయ ఉద్యానం దాకా వెళ్లి రావాలని అనుకుంటున్నాము. నాతోపాటు నా భార్య, పన్నెండేళ్ల మా అమ్మాయి, డెబ్బై దాటిన మా మామగారు వస్తారు. చేతిలో ఉన్నవి ఆరు రోజులు.

భీమిలి, అరసవల్లి, శ్రీకూర్మం, కళింగపట్నం, బారువ, గోపాల్‌పూర్, చిలికా, పూరీ, కోణార్క్, భితార్‌కనికా అని వరుసగా రాసుకున్నాను. మా అమ్మాయికి ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడం, మొసళ్లు ఒడ్డున పడుకోవడం రెండూ చూడాలని ఉంది. మామగారికి జగన్నాథుని దర్శనం తప్పనిసరి. వీలైనంత దూరం సముద్రం కుడిచేతి పక్కన కనిపిస్తూ ఉండే దారిలో బండి నడపాలన్నది నా కోరిక. అలాంటి దారి నిజంగా ఉందా? రాత్రి బసలు ఎక్కడెక్కడ పెట్టుకోవాలి? ఈ జాబితాలో దేనిని వదులుకోమంటారు?

వంశధార ఒడ్డు

భీమిలి బాట గారూ, ముందు దారి సంగతి తేలితే మిగిలిన ప్రశ్నలు సులువవుతాయి. సముద్రం కుడిపక్కన నికరంగా కనిపించే దారి విశాఖ నుంచి భీమిలి వరకు ఉన్న బీచ్ రోడ్డు. దాని తర్వాత 16వ నంబరు జాతీయ రహదారి తీరానికి ఎడంగా, పొలాల మధ్య నుంచి పోతుంది. కళింగపట్నం కానివ్వండి, బారువ కానివ్వండి, ప్రతిచోటా రహదారి వదిలి కుడికి తిరగడం, సముద్రం చూడడం, మళ్లీ రహదారి మీదికి రావడం, ఇదే పద్ధతి. మధ్యలో నాగావళి, వంశధార, మహేంద్రతనయ, బాహుదా ఒకదాని తర్వాత ఒకటి సముద్రంలో కలుస్తాయి కాబట్టి, ఒడ్డు పట్టుకొని ఊరి నుంచి ఊరికి సాగిపోయే దారి ఉంటుందని ఆశించకూడదు.

ఇలాంటి పక్కదారి ఒక్కొక్కటి చూపులకు చిన్నదే అయినా, వెళ్లి, దిగి, కాసేపు తిరిగి, ఎక్కేసరికి రెండు గంటలు తింటుంది. అందువల్ల అరసవల్లి, శ్రీకూర్మం, కళింగపట్నం మూడింటినీ ఈ ప్రయాణంలోంచి తీసేయమని నా సలహా. అవి మీ ఇంటికి నూరు కిలోమీటర్ల పైచిలుకు దూరంలోనే ఉన్నాయి. ఏ ఆదివారమైనా తెల్లవారుజామున బయలుదేరితే అరసవల్లిలో సూర్యనారాయణ స్వామిని, శ్రీకూర్మంలో కూర్మనాథుని సేవించుకొని, వంశధార సముద్రంలో కలిసే చోట కళింగపట్నం లైట్‌హౌస్‌ను, కాస్త ఎగువన ఏటి ఒడ్డు కొండ మీద ఉన్న శాలిహుండం బౌద్ధ స్తూపాలను చూసి రాత్రికి ఇల్లు చేరవచ్చు. భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బలు, తొట్లకొండ మీరు ఎటూ చూసే ఉంటారు.

మొదటి రోజు ఆగాల్సింది రెండుచోట్లే. ఒకటి టెక్కలి దగ్గరి తేలినీలాపురం. అక్కడ పెలికాన్లు, పెయింటెడ్ స్టార్క్ కొంగలు అడవిలో కాకుండా ఊరి చెట్ల మీద, ఇళ్ల పెరళ్లలో గూళ్లు కడతాయి. కింద అరుగు మీద కూర్చుని తల ఎత్తితే, తల్లి పెలికాన్ నోటి సంచిలోకి పిల్ల మెడదాకా దూరి చేపను లాక్కోవడం కనిపిస్తుంది. బైనాక్యులర్ అవసరం కూడా ఉండదు. రెండోది బారువ. సోంపేట మీదుగా, ఉద్దానం కొబ్బరితోటల మధ్య నుంచి సాగే ఆ కాస్త దారి కోసమైనా అక్కడికి వెళ్లాలి. బారువ నుంచి ఇచ్ఛాపురం దాటి, బరంపురం మీదుగా గోపాల్‌పూర్ చేరి రాత్రికి అక్కడే ఉండండి.

ఇక అసలు చిక్కు మీరు ఎంచుకున్న రోజులతోనే ఉంది. భితార్‌కనికాలో ఏటా జనవరి మొదటి సగంలో మొసళ్లను లెక్కపెడతారు. ఆ రోజుల్లో పర్యాటకులను లోపలికి అనుమతించరు. కచ్చితమైన తేదీలను అటవీశాఖ ముందుగా ప్రకటిస్తుంది కానీ, అవి సంక్రాంతి సెలవులకు బాగా దగ్గరగా పడుతుంటాయి. తాబేళ్లేమో గోపాల్‌పూర్ అవతల రుషికుల్యా నది సముద్రంలో కలిసే తీరానికి గుంపులుగా వచ్చేది ఎక్కువగా ఫిబ్రవరి, మార్చి నెలల్లో. అంటే సంక్రాంతికి వెళ్తే మీ అమ్మాయి అడిగిన రెండింటిలో ఒకటి ఖాయంగా, రెండోది బహుశా తప్పిపోతుంది.

కొండగాలి

పిల్లలకు ఎక్కువ సెలవులు దొరికేది దసరాకే కదా, అప్పుడు వెళ్లకూడదా? వానలు తగ్గి అంతా పచ్చగా ఉంటుంది, గదుల అద్దెలూ అందుబాటులో ఉంటాయి.

వంశధార ఒడ్డు

కొండగాలి గారూ, ఈ తీరానికి అక్టోబరు నమ్మదగిన నెల కాదు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. సరిగ్గా మరుసటి ఏడాది అదే తేదీన హుద్‌హుద్ విశాఖను ఊడ్చేసింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస ప్రాంతాన్ని, ఉద్దానం కొబ్బరిచెట్లను నేలకూల్చింది. 2024 అక్టోబరు చివర దానా నేరుగా భితార్‌కనికా పక్కనే తీరం దాటింది. ప్రతి దసరాకూ తుపాను వస్తుందని కాదు గానీ, డబ్బు కట్టి నెల ముందే గదులు తీసుకునే ప్రయాణానికి ఆ నెలను ఎంచుకోకపోవడమే మంచిది. పైగా అప్పటికి చిలికాకు వలస పక్షులు పూర్తిగా చేరవు, తాబేళ్ల ఊసే ఉండదు.

సరుగుడు నీడ

నేను ఉద్యోగరీత్యా బరంపురంలో ఉంటున్నాను కాబట్టి గోపాల్‌పూర్ నుంచి పూరీ వరకు ఉన్న భాగం గురించి రాస్తాను.

గోపాల్‌పూర్ నుంచి ఉత్తరంగా కొద్ది దూరంలో గంజాం పట్టణం దగ్గర రుషికుల్యా నది సముద్రంలో కలుస్తుంది. పోడంపేట, పురుణబంధ, గోఖరకుద అనే పల్లెల వైపు ఉన్న ఇసుకతీరమే తాబేళ్లు గుడ్లు పెట్టే చోటు. అవి ఫలానా రాత్రి వస్తాయని ఎవరూ చెప్పలేరు, ఒక్కో ఏడాది గుంపుగా రాకుండానే పోతాయి కూడా. అందువల్ల దీనిని ప్రయాణానికి ముఖ్య కారణంగా పెట్టుకోకుండా, అదృష్టం ఉంటే దక్కేదిగా మాత్రమే అమ్మాయికి చెప్పి తీసుకెళ్లండి. వచ్చిన రాత్రి మాత్రం అది మరచిపోలేని దృశ్యం. తల్లి తాబేలు వెనక కాళ్లను గరిటెల్లా తిప్పుతూ, ఒక కాలితో ఇసుక తోడుతూ రెండో కాలితో అవతలికి విసురుతూ, మూతి ఇరుకుగా అడుగు వెడల్పుగా ఉండే గుంత తవ్వుతుంది. నూరుకు పైగా గుడ్లు పెట్టాక గుంత పూడ్చి, ఒళ్లంతా అటూ ఇటూ ఊపుతూ డిప్పతో ఇసుకను దబదబ కొట్టి గట్టిపరచి, వెనక్కి చూడకుండా నీళ్లలోకి పోతుంది. అటవీశాఖ వారు, ఊరి కాపలాదారులు పోనిచ్చిన మేరకే వెళ్లండి. టార్చి, ఫోను వెలుగు, ఫ్లాష్ ఏదీ వాడకూడదు. వెలుగు చూస్తే ఎక్కబోయిన తాబేలు వెనుదిరుగుతుంది.

గంజాం దాటాక మీకు రెండు దారులు ఉన్నాయి. జాతీయ రహదారి మీదనే సాగితే చిలికా సరస్సు పడమటి ఒడ్డున రంభా, బార్కూల్, ఇంకా ముందుకు టాంగీ పక్కన మంగలాజోడి వస్తాయి. అలా కాకుండా పాలూరు దగ్గర కుడికి తిరిగి, మాలుద, కృష్ణప్రసాద్ మీదుగా జహ్నికుద వరకు పోతే, అక్కడ కార్లను ఎక్కించుకునే ఫెర్రీ మిమ్మల్ని చిలికా దాటించి సాతపడా ఒడ్డున దింపుతుంది. అక్కడి నుంచి పూరీ దాదాపు 50 కిలోమీటర్లు. మీ కోరికకు సరిపోయే దారి ఇదే. సరస్సుకూ సముద్రానికీ మధ్య ఉన్న సన్నని నేల మీద, రొయ్యల చెరువులు, పల్లెలు చూసుకుంటూ వెళ్తారు. ఫెర్రీ రోజంతా ఎడతెరిపి లేకుండా తిరగదు, కార్లకు చోటు కూడా కొద్దిగానే ఉంటుంది. కాబట్టి ముందురోజే వేళలు కనుక్కొని, గంట ముందే వరసలో ఉండండి.

చాలామంది బార్కూల్‌లో పడవ ఎక్కి డాల్ఫిన్లు ఏవని అడుగుతారు. చిలికాలోని ఇరావడీ డాల్ఫిన్లు ఎక్కువగా కనిపించేది సరస్సు సముద్రంతో కలిసే సాతపడా వైపే. బార్కూల్ పడవలు కాళీజాయి గుడికీ, పక్షులు చేరే నలబణ దీవి వైపుకూ వెళ్తాయి. మంగలాజోడి పక్షులు చూడాలంటే ఫెర్రీ దారి వదులుకోవాలి. నన్ను అడిగితే పక్షుల కోసం అదే సరైన చోటు. ఒకప్పుడు వేటాడినవారే ఇప్పుడు కర్రతో నెట్టే పడవల్లో కూర్చోబెట్టుకొని చూపిస్తారు. కానీ తేలినీలాపురం ఎటూ చూస్తున్నారు కాబట్టి ఈసారికి ఫెర్రీనే ఎంచుకోండి.

ఇంకొక మాట. భాష గురించి బెంగపడవద్దు. బరంపురంలో తెలుగు ధారాళంగా నడుస్తుంది. గోపాల్‌పూర్ జాలరిపల్లెల్లోనే కాదు, పూరీలోని పెంటకోట మత్స్యకారుల వాడలో కూడా ఇళ్లలో మాట్లాడేది తెలుగే. పూరీ ఒడ్డున శంకువు ఆకారపు టోపీలు పెట్టుకొని స్నానాలు చేయించే నోలియాలు చాలావరకు ఆ కుటుంబాల వారే. గోపాల్‌పూర్, పూరీ రెండుచోట్లా అలలు ఒడ్డునే విరుచుకుపడి కాళ్ల కింది ఇసుకను లాగేస్తాయి. కాబట్టి మామగారు సముద్రస్నానం చేయదలిస్తే నోలియా చేయి పట్టుకొని మాత్రమే దిగమనండి.

భీమిలి బాట

ఇద్దరికీ కృతజ్ఞతలు. సంక్రాంతి ఆలోచన విరమించుకున్నాము. ఫిబ్రవరిలో శని, ఆదివారాలకు అటూ ఇటూ సెలవు పెట్టి ఆరు రోజులు సర్దుకుంటాము. అరసవల్లికి మామగారిని విడిగా తీసుకెళ్తాను. ఇక పూరీ తర్వాతి భాగం గురించి ఎవరైనా చెప్పగలరా? కోణార్క్ నుంచి భితార్‌కనికాకు సముద్రం పక్కనుంచే దారి ఉందా?

మడ అడవి

పూరీ నుంచి కోణార్క్ వరకు ఉన్న సుమారు 35 కిలోమీటర్లు మీరు కోరుకున్నట్లే ఉంటాయి. బాలుఖండ అభయారణ్యం గుండా, సరుగుడు చెట్ల మధ్య సాగి, చివర చంద్రభాగా దగ్గర సముద్రం రోడ్డు పక్కకే వస్తుంది. 2019 మేలో ఫణి తుపాను పడగొట్టిన చెట్ల స్థానంలో పెంచిన తోటలు ఇప్పుడిప్పుడే ఎదుగుతున్నాయి. తేదీలు ఖరారు చేసే ముందు పంచాంగం ఒకసారి చూడండి. రథసప్తమి నాడు చంద్రభాగాలో స్నానాలకు లక్షల మంది వస్తారు, ఆ పూట కారు కదలదు. అరసవల్లికీ అదే రోజు పెద్ద పండగ కాబట్టి విడిగా వెళ్లేటప్పుడు కూడా ఆ తేదీని తప్పించుకోండి.

కోణార్క్ దాటాక దేవీ, మహానది పాయలు అడ్డం వస్తాయి కాబట్టి తీరం వదిలి కాకట్‌పూర్, జగత్‌సింగ్‌పూర్, కేంద్రపడ, పట్టముండై, రాజ్‌నగర్ మీదుగా వెళ్లాలి. రోడ్డు ఊళ్ల మధ్య నుంచి పోతుంది, వేగం పట్టుబడదు. కోణార్క్‌లో ఉదయం ఆలయం చూసి పదిలోపే కదిలితే చీకటిపడకముందు చేరతారు. రాత్రి బసకు డాంగమాల్‌లోని అటవీశాఖ కుటీరాలు అన్నిటికన్నా అనుకూలం. వాటిని ఒడిశా ఎకోటూర్ వెబ్‌సైటులో ముందే తీసుకోవాలి. గుప్తి, ఖోలా రేవుల దగ్గర అనుమతి పత్రం, పడవ రెండూ దొరుకుతాయి. అందరి గుర్తింపు కార్డులూ వెంట ఉంచుకోండి.

భితార్‌కనికా 1998లో జాతీయ ఉద్యానమైంది, విస్తీర్ణం 145 చదరపు కిలోమీటర్లు. బ్రాహ్మణి, వైతరణి నదుల డెల్టాలోని ఈ మడ అడవిలో 1,700కు పైగా ఉప్పునీటి మొసళ్లు ఉన్నాయి. 1975లో ఇక్కడ మొదలైన సంరక్షణ పథకం ఫలితమే అది. మొసలిని చూడాలంటే గడియారం కన్నా ఆటుపోట్లు ముఖ్యం. చలికాలంలో పాటు వేళ నీరు తగ్గి బురద ఒడ్డు బయటపడినప్పుడు, ఎండకు ఒళ్లు కాచుకోవడానికి అవి పైకి వస్తాయి. పోటు మీద వెళ్తే మడచెట్ల వేర్లు తప్ప ఏమీ కనిపించకపోవచ్చు. పడవవారిని డబ్బు సంగతి అడగడానికి ముందే మర్నాడు పాటు ఎన్ని గంటలకో అడిగి, దాన్నిబట్టి బయలుదేరే వేళ పెట్టుకోండి. పడవ అంచు మీద చేయి వేలాడదీయకూడదని అమ్మాయికి గట్టిగా చెప్పండి. భితార్‌కనికాను ఆనుకొని ఉన్న గహిర్‌మథ తీరంలోని తాబేళ్ల దీవులకు మాత్రం పర్యాటకులను పోనివ్వరు. ఎవరైనా తీసుకెళ్తామని ఆశ చూపినా ఒప్పుకోవద్దు.

రోజుల లెక్క ఇలా పెట్టుకోండి: మొదటి రాత్రి గోపాల్‌పూర్, రెండు, మూడు రాత్రులు పూరీ, నాలుగో రాత్రి డాంగమాల్. అయిదో రోజు ఉదయం పడవ షికారు ముగించుకొని కటక్ మీదుగా భువనేశ్వర్ చేరి పడుకోండి. ఆరో రోజు అక్కడి నుంచి విశాఖకు 440 కిలోమీటర్లు, జాతీయ రహదారి కాబట్టి సాయంత్రానికి ఇంట్లో ఉంటారు. డాంగమాల్ నుంచి ఒకే ఊపులో విశాఖ దాకా నడిపేయాలని చూడవద్దు. అది 600 కిలోమీటర్లకు దగ్గర పడుతుంది, డెబ్బై దాటిన మనిషి వెంట ఉన్నారు. ఒడిశాలో వాహన కాలుష్య ధ్రువపత్రం గట్టిగా అడుగుతారు, గడువు తీరిందేమో బయలుదేరేముందే చూసుకోండి.